పదకొండుసార్లు మాయమైన పెళ్ళికొడుకు

కుదిరిన పెళ్ళి చెడగొట్టడానికి ఊళ్ళో నలుగురు కావాలంటారు. నాకెవరూ అక్కర్లేకపోయారు, నేనొక్కణ్ణే సరిపోయాను. నొక్కకూడని మీట ఒకటి నొక్కి, పీటల దాకా రాబోయే సంబంధాన్ని గుమ్మం దాకా తోసుకున్నాను. అప్పట్లో నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? భిలాయిలో పవర్ హౌస్ అనే పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ముప్పైమందికి కంప్యూటర్ పాఠాలు చెప్పడం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, నాకు చదువు చెప్పి చెప్పి పోయింది.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి ఇంకా పదేళ్ళు నిండని రోజులవి. భిలాయిలో ప్రతివాడూ ఇంటర్నెట్‌లో ఖాతా తెరిచి, ఫోటో పెట్టి, ఎవరు మెచ్చుకున్నారా అని చూసుకునేవాడు. సరిగ్గా అప్పుడే మా చర్చి పెద్దలు స్మృతి నగర్‌లో ఉండే సునీత సంబంధం తెచ్చారు. ఆస్పత్రిలో నర్సు. వాళ్ళ నాన్న యేసురత్నంగారు స్టీల్ ప్లాంట్ టైమ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఎన్నింటికి గేటు లోపలికొచ్చారు, ఎన్నింటికి బైటికెళ్ళారు అని రాయడమే ఆయన జీవితకాలపు పని. ఆయన రిటైరయ్యారు గానీ ఆ చెయ్యి కాలేదు. ఇంటికి పాలవాడు వచ్చినా టైమ్ రాసుకుంటారని చెప్పుకునేవారు.

ఒక వారం మాట్లాడి చూసి, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మాట చెబుతానంది సునీత. ఫోన్లు వద్దన్నారు యేసురత్నంగారు. ఫోన్లో ఏం గుసగుసలాడుకున్నారో పెద్దవాళ్ళకు తెలియదట. కంప్యూటర్ అయితే హాల్లోనే ఉంటుంది, ఆయన కుర్చీలోంచి కనబడుతుంది. అలా మా పరిచయం ఆయన కళ్ళెదుట, టైపు చేసిన మాటల్లో మొదలైంది. మూడు రోజులు బ్రహ్మాండంగా సాగింది. సునీత ఒక్క వేలితో టైపు చేసేది. ఒక్కో వాక్యం కోసం నేను టీ తాగి వచ్చేవాణ్ణి. అయినా ఆ వాక్యాలు ఎంత బాగుండేవో, నాలుగో రోజుకి నాకు ఈ అమ్మాయే కావాలనిపించింది.

గురువారం సాయంత్రం నా జీవిత లక్ష్యాలన్నీ కలిపి పెద్ద ఉత్తరం రాశాను. జవాబు లేదు. శుక్రవారమంతా లేదు. శనివారం పొద్దున్న కూడా లేదు. అంటే మొత్తం ఒకటిన్నర రోజు. నాకు యుగమే గడిచింది.

ఇన్‌స్టిట్యూట్ కింద జిరాక్స్ షాపు నడిపే రాజు దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. రాజుకి అప్పటికి నాలుగు సంబంధాలు తప్పిపోయాయి కనుక, ఆ విషయంలో అనుభవజ్ఞుడని నా లెక్క.

"కళ్ళెదురుగుంటే విలువేటి తెలుస్తాది భయ్యా?" అన్నాడు. "ఖాతా బంద్ చేసీ. తాత్కాలికమే కదా, మళ్ళీ తెరుచుకోవచ్చు. పరిగెత్తుకొని రాకపోతే నన్నడుగు."

అడగందే అమ్మయినా అన్నం పెట్టదన్నారు. అలగందే అమ్మాయి జవాబివ్వదని నేను దిద్దుకున్నాను.

పది గంటలకు మూసేశాను. మూసే ముందు ఆ సైటు ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగి, నలుగురి ఫోటోలు చూపించి, వీళ్ళంతా నువ్వు లేక బెంగపడతారంది. మూడో ఫోటో సునీతది. అందరికీ అలాగే చూపిస్తుందని తెలియని ఈ మాస్టారు, ఆ అమ్మాయే స్వయంగా చెప్పి పంపిందనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మూశాను సరే, ఆమె బెంగపడుతోందో లేదో తెలిసేదెలా? అరగంటకి తెరిచి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ మూశాను. పిల్లలు పట్టికలు గీస్తుంటే వాళ్ళ వెనక కూర్చుని తెరవడం, మూయడం, తెరవడం. నా ఇంట్లోకి నేను పెరటి గుమ్మంలోంచి వెళ్ళి చూసుకుంటే వీధిలో వాళ్ళకేం తెలుస్తుందిలే అని నా ధీమా. సాయంత్రం ఐదింటికి ఆఖరిసారి తెరిచి ఇంకా మూయకుండానే ఇన్‌స్టిట్యూట్ కట్టేశారు. ఆ సాయంత్రమే యేసురత్నంగారు అమ్మకు ఫోన్ చేసి, రేపు ఆరాధన కాగానే మీ అబ్బాయిని తీసుకురండి, కొంచెం మాట్లాడాలన్నారు. మందు పనిచేసిందని నేను మురిసిపోయాను. అమ్మ మిఠాయి కొంది.

ఆదివారం వాళ్ళ హాల్లో మిఠాయి పెట్టె ఎవరూ విప్పలేదు. సునీత గుమ్మం పక్కన తలదించుకుని కూర్చుంది. యేసురత్నంగారు కళ్ళజోడు పెట్టుకుని, అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి తెరిచారు.

"నిన్న నువ్వేటి చేసినావు బాబూ?"

"క్లాసులు చెప్పానండి."

ఆయన చదవడం మొదలెట్టారు. "పది గంటలకి లేడు. పదిన్నరకి ఉన్నాడు. పది ముప్పై నాలుక్కి లేడు. పదీ యాభైకి ఉన్నాడు."

"ఎవరండీ?" అంది అమ్మ.

"మీ వాడేనమ్మా."

అప్పుడు తెలిసింది నాకు. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి అడుగుపెడితే చాలట, మూసిన ఖాతా ఫోటోలతో సహా లేచి కూర్చుని లోకమంతటికీ కనబడుతుందట. ఈ పాఠం కంప్యూటర్ మాస్టారికి టైమ్ ఆఫీసు పెద్దాయన చెప్పవలసి వచ్చింది. సునీతకు గురు, శుక్రవారాలు డబుల్ డ్యూటీ పడింది. శనివారం ఇంటికొచ్చి, నిద్రయినా పోకుండా నాకు జవాబు రాయడానికి కూర్చుంది. ఒక్క వేలితో సగం రాసేసరికి నేను మాయం. కంగారుగా తండ్రిని పిలిచింది. ఆయన పుస్తకం తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు, సాయంత్రం దాకా లేవలేదు.

"ముప్పై ఏళ్ళు గేటు కాడ హాజరు రాసినాను. ఒక్క రోజులో పదకొండుసార్లు గేటు దాటినోణ్ణి సూడనేదు" అన్నారాయన. "రేపు కోపమొస్తే ఇల్లొదిలేసి ఎల్లిపోడని నమ్మకమేటి? ఇలాటోడికి పిల్లనెలాగిస్తానమ్మా?"

అమ్మ నా చెయ్యి గిల్లింది. సిగ్గుకన్నా భయమే ఎక్కువైంది నాకు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, జవాబు రాలేదని అలిగాను, ఆమె వెతుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ వచ్చి చూసుకున్నాను అని. పెళ్ళి పోయిందనే అనుకున్నాను.

సునీత లేచి వచ్చింది. "నాన్నా, అన్నిట్లోకీ ఎక్కువసేపు ఎంతసేపు లేడు?"

ఆయన వేలు పెట్టి పుస్తకమంతా వెతికారు. "నలభై రెండు నిమిషాలు."

"అప్పుడు కరెంటు పోయిందండి" అన్నాను నేను.

సునీత నవ్వు ఆపుకోలేకపోయింది. "మరింకేటి నాన్నా? గంట సేపు కూడా అలగలేనోడు ఇల్లొదిలి ఎక్కడికెళ్తాడు? నాకు పక్కా, ఈయనే."

అదే పుస్తకంలో మా పెళ్ళి తేదీ, టైమ్ కూడా రాసుకున్నారు మా మామగారు. అప్పటినుంచి నాది ఒకటే ప్రతిజ్ఞ. ఈ జన్మలో ఎంత కోపం వచ్చినా ఎక్కణ్ణుంచీ మాయం కాను. అలగవలసి వస్తే హాల్లోనే, అందరికీ కనబడేలా, ముప్పై నిమిషాలకు మించకుండా అలుగుతాను. దీనికి సాక్షిగా యేసురత్నంగారు సంతకం చేసి, పక్కన టైమ్ వేశారు.