సర్కారు మేకులకు పసుపు కుంకుమ

కుళందైసామి నాయుడికి ఒకటే పిచ్చి. సర్కారు వారిది ఏది కనబడినా చెప్పులు విడిచి దణ్ణం పెట్టేస్తాడు. పోస్టు డబ్బాకు పెడతాడు, మైలురాయికి పెడతాడు. రైలు గేటు వేసి ఉంటే, తెరిచేదాకా జోడించిన చేతులు దించడు.

ఆయన భార్య ధనమ్మాళ్‌కు కోయంబత్తూరు వీధుల్లో తలెత్తుకోవడమే కష్టమైపోయింది.

"మన నూలు మిల్లు నడిచేది మీ కష్టంతో గదా! సర్కారు ఏం చేసె?"

"నేను రెక్కలు ముక్కలు చేసుకుంటే ఒక్క కదురు తిరుగుతాది, ధనం. కొండల్లో నీళ్లు ఆపి, కరెంటు చేసి, ఇంతదూరం తీగ లాగిందెవరు? నేనా, మీ నాయనా?"

పుట్టింటి మాట ఎత్తితే ఆమె మూతి ముడుచుకునేది.

ఆ ఏడు కినత్తుకడవు పక్కన ఒక పల్లెలో బావుల నీళ్లు పాతాళానికి దిగాయి. ఎద్దులు తోడలేక పత్తి మాడిపోతోంది. కరెంటు పంపు వస్తేనే ఆ పైరు బతికేది. సర్కారువాళ్లు వచ్చి కరెంటు లైను పోయే దారిలో కొయ్య మేకులు పాతి వెళ్లారు. ఇంకేముంది! నాయుడు రోజూ బండి కట్టించుకుని పోయి, మేకు మేకుకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి రావడం మొదలుపెట్టాడు.

"ఆయుధపూజకు మిషన్లకు బొట్టు పెడితే సరి. కొయ్యముక్కకు కర్పూరమా? ఊరంతా నవ్వుతా ఉండాది!" అని ధనమ్మాళ్ తల బాదుకుంది.

"నవ్వనీ. అవి సర్కారు అడుగులు."

ఎండలు ముదిరేలోగా ఆ పల్లె రైతు కరుప్పసామి లేత కొబ్బరిబోండాల గెలతో ఇంటికి వచ్చాడు.

"అమ్మా, కరెంటు వచ్చేసె! పత్తికి నీళ్లు పారతా ఉండాది. అయ్య బొట్టు పెట్టకుంటే మాకు లైనే లేదు!"

"అదెట్లా?"

"పోయినసారి కూడా సర్కారు మేకులు పాతె. పత్తి జిన్నింగు మిల్లు యజమాని, ఆ తిరుమలై ముదలాళి, గుట్టుగా పెరికించి తన మిల్లు పక్కకు పాతించుకునె. లెక్క కలవక సర్కారు లైను పనే ఆపేసె, ఎవరికీ కరెంటు రాలె. ఈసారీ మనుషులను పంపె. పసుపు కుంకుమ చూసి ఎవరికీ మేకు ముట్టే ధైర్యం లేదు. దణ్ణం పెట్టుకుని పోయిరి!"

ధనమ్మాళ్ అరుగు మీద కూర్చున్న నాయుడివైపు తిరిగింది. ఇన్నేళ్లు తాను అన్నం వడ్డించిన మనిషి ఈయనేనా అనిపించింది. గోపురాన్ని చూసినట్టు తలెత్తి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"తెలిసే చేస్తిరా?"

"సర్కారు కొండంత పని చేస్తాది, ధనం. మేకు మేకుకూ కాపలా పెట్టలేదు గదా! ఆ మాత్రం మనమే చూసుకోవాల."

కరుప్పసామి పకపకా నవ్వాడు. "ఇంకో సంగతి వినండి. నిన్న ఆ ముదలాళే వచ్చి, మా కరెంటు స్తంభం ముందర కొబ్బరికాయ కొట్టి, నా మిల్లుకూ లైను ఇప్పించు తల్లీ అని మొక్కుకుని పోయె!"

ధనమ్మాళ్ కడుపు పట్టుకుని నవ్వింది. నాయుడు మాత్రం నవ్వలేదు.

"పాపం, ఆయనకూ లైను రానీలే. ఆయన మేకులకూ నేనే బొట్టు పెడతా" అన్నాడు.