బావ పలకరించని అరగంట

మొన్న శుక్రవారం సాయంత్రం మా ఆఫీసులో పక్క సీటు ఆయన మా ఇంటికి వచ్చి, నేను పలకరించలేదని అలిగి వెళ్ళిపోయాడు. నేను బాల్కనీలో చాప మీద అంబలి చెంబు పట్టుకుని కూర్చున్నాను. ఆయన్ను చూసి తల ఊపాను కూడా. మా ఆవిడ కుర్చీ వేసి, కాసేపు ఆగమంది. ఆయన ఆగలేదు. నాకు గర్వం తలకెక్కిందని ఇప్పుడు క్యాంటీన్‌లో అందరికీ చెబుతున్నాడట. మామూలుగా అయితే ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఎవరి పెళ్ళి కార్డులో నా పేరు వేయలేదో, ఎవరింట్లో నాకొక్కడికే చల్లారిన టీ ఇచ్చారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. కానీ ఈసారి కోపానికి బదులు మా బావ గుర్తొచ్చాడు.

మా అక్క భర్త ఆయన. సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాల మీద పని. మావాళ్ళు వాటిని సాంచాలంటారు. రైల్వే ఆఫీసులో బదిలీ మీద నేను సూరత్ వచ్చిన కొత్తలో స్వీట్ డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దుగూకే వేళ బావ పని దిగి వచ్చాడు. గడపలో నన్ను చూసి తల ఊపి, అక్క ఇచ్చిన చెంబు అందుకుని డాబా మీదికి వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు. వంటింట్లోంచి అక్క "జర ఆగు తమ్మీ" అంది. నా రాక ఆమెకూ బరువైందనుకున్నాను. ఇరవై నిమిషాలు గడియారం చూసి, డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ తరువాత పదకొండేళ్ళు వాళ్ళ గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడినప్పుడు అక్క ఏదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టేవాణ్ణి.

ఆ పదకొండేళ్ళలో నా ఒళ్ళు పాడైంది. నాకు రావలసిన ప్రమోషన్ నా దగ్గర పని నేర్చుకున్నవాడికి ఇచ్చారు. అర్జీ మీద అర్జీ పెట్టాను. పగలంతా టీలు, పడుకుంటే కళ్ళముందు అర్జీలోని వాక్యాలు. నిద్ర పోయింది, బీపీ వచ్చింది. డాక్టరు మాత్ర రాసి, మాత్ర ఒక్కటే చాలదు, మనసు నెమ్మదించే దారి చూసుకోకపోతే గుండె మీదికి వస్తుందన్నాడు. ఆ దారి మా పక్క సీటు ఆయనే చూపించాడు. అశ్వగంధ గోళీలు, మెగ్నీషియం బిళ్ళలు, చేపనూనె. అవి మింగుతూనే అర్జీలు రాసేవాణ్ణి. సీసాల తప్పేమీ లేదు.

మా అమ్మాయి పురుడికి మా ఆవిడ బార్డోలీ వెళ్ళినప్పుడు అక్క ఆటోలో వచ్చి నా బట్టలు తనే సంచిలో సర్దింది. సీసాలు చూసి, "మెడికల్ దుకాణం పెడ్తవా ఏంది తమ్మీ?" అంది. ఒక్కడివీ ఏం తింటావని దబాయించి తీసుకుపోయింది. వెళ్ళాను గానీ మెత్తబడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి రెండు సాయంత్రాలూ బావ అదే పని. తల ఊపడం, చెంబు, డాబా. అరగంట తరువాత దిగి వచ్చి కబుర్లు మొదలుపెడితే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

మూడో రోజు అక్క మోకాళ్ళు పట్టేశాయి. టిఫిన్ డబ్బా నన్ను ఇచ్చి రమ్మంది. కార్ఖానా తలుపు తీయగానే సాంచాల మోత నా చెవుల్లోకి రాలేదు, పళ్ళలోకి వచ్చింది. నేల వణుకుతోంది. "బావా" అని నేను పిలిచిన పిలుపు నాకే వినపడలేదు. గాలిలో నూగు ఎగురుతోంది. బావ ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతున్నాడు. తెగిన పోగును వేలికొసతో పట్టి ముడివేస్తున్నాడు, నిద్రపోతున్న బిడ్డ చెవికి పోగు పెట్టినంత నెమ్మదిగా. నన్ను చూసి గుండెమీద చేయి వేసుకుని నవ్వాడు. పావుగంట నిలబడ్డాను. బయటికి వస్తే రోడ్డు మీద లారీలు దూది మీద నడుస్తున్నట్టున్నాయి. నా తలలో మాత్రం ఆ మోత సాయంత్రందాకా ఆగలేదు. పావుగంటకే నాకిలా ఉంటే, ఈ మనిషి రోజుకు పన్నెండు గంటలు, ఇరవై ఆరేళ్ళుగా ఆ మోతలో ఉంటున్నాడు. ఎవరో నన్ను పట్టించుకోలేదన్న ఒక్క మాటను నేను రాత్రంతా మోయలేకపోతున్నాను.

ఆ సాయంత్రం ఆయన వెనకే డాబా ఎక్కాను. బావ చాపలో సగం వదిలాడు. అక్క నాకూ ఒక చెంబు పంపింది. జొన్న అంబలి, పుల్లగా, మజ్జిగతో, పక్కన ఉల్లిపాయ ముక్క. అప్పుడు చూశాను: చుట్టుపక్కల డాబాల మీద కూడా ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క చెంబు, మాట లేదు. మొదట నా ప్రమోషన్ గుర్తొచ్చింది, తరువాత పెళ్ళి కార్డు, తరువాత టీ. తరువాత ఏవీ గుర్తు రాలేదు. చీకటి పడేముందు బావ నోరు విప్పాడు.

"చెవులల్ల సాంచాలు ఆగెదాక నోరు తెర్వద్దు బామ్మర్దీ. తెరిస్తే తిట్లే ఎల్తయ్. మొదట్ల మీ అక్కను మస్తు తిట్టిన."

మరి నేను మొదటిసారి వచ్చిన రోజు సంగతేమిటని అడిగాను. పదకొండేళ్ళ తరువాత అడిగాను.

"దిగొచ్చి చూస్తె నువ్వు లేవు. చెప్పులు గూడ ఏస్కోకుండ బస్టాపు దాక ఉరికిన," అన్నాడు, అదేదో మామూలు సంగతి అయినట్టు.

ఆ రాత్రే నిద్రపట్టిందని చెబితే అబద్ధం. అయిదో రోజుకో ఆరో రోజుకో పట్టింది. ఆయనలాగే నాలుగు దాటితే టీ మానేశాను, షేరింగ్ ఆటో ఎక్కకుండా నడిచి ఇల్లు చేరుతున్నాను, చెంబు పట్టుకుని అరగంట బాల్కనీలో కూర్చుంటున్నాను, పొద్దుండగానే తింటున్నాను. బీపీ మాత్ర అలాగే ఉంది. ఆ ప్రమోషన్ మాత్రం న్యాయంగా నాకే రావాలి, ఆ మాటలో మార్పు లేదు.

పక్క సీటు ఆయన ఇప్పుడు నన్ను చూస్తే చేయి అడ్డం పెడుతున్నాడు. శుక్రవారం ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు నాకు వినపడింది. నేను చాప మీంచి లేవలేదు. అరగంట కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. ఆ తరువాత చెప్పులు లేకుండా ఉరకడం నేర్చుకోవడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో.