సన్యాసుల ప్లాట్లు

అప్పటికి అక్కడ గోదావరి మీద వంతెన లేదు. కాళేశ్వరం నుంచి సిరొంచకు పడవలోనే దాటాలి. నా పక్కన కాషాయం కట్టిన స్వామి ఒకాయన కూర్చున్నాడు. తమ ఆశ్రమంలో ఎవరూ పెళ్లి చేసుకోరనీ, ఎవరికీ సొంత ఆస్తి ఉండదనీ నాకు గొప్పగా చెబుతున్నాడు. ఎదురుగా ఉన్న రైతు రాజన్న మధ్యలో అందుకున్నాడు.

"స్వామీ, దేవుని పేరు మీద నేనిచ్చిన రెండెకరాల్ల ఈసారి వరి వేస్తలేరేంది?"

"ఈడ బ్రిడ్జి వస్తది గద రాజన్నా! ప్లాట్లు చేసి అమ్ముతం. ఆ పైసలతోని చంద్రపూర్ల దుకాన్లు కొని కిరాయికిస్తం."

నేను ఉండబట్టలేక, "అన్నీ వదిలేసినవారికి దుకాణాలెందుకండీ?" అన్నాను.

"మాకు పిల్లలు లేరు సారూ. కొత్తోళ్లు చేరుతలేరు. ముసలితనంల కిరాయిలే అన్నం పెట్టాలె," అన్నాడు స్వామి, ఏమాత్రం తడబడకుండా.

రాజన్న చేతులు జోడించాడు. "అయితే నా బిడ్డకు ఒక్క ప్లాటు ఇయ్యుండ్రి. ఇల్లు కట్టుకుంటది."

"ఎందుకియ్యం? అడ్వాన్స్ పట్టుకొని రా. భక్తునివి, నీకు కార్నర్ ప్లాటే ఇస్తం."

పడవ ఆగింది. రాజన్న ముందు దిగాడు. ఆసరా ఇమ్మన్నట్టు స్వామి చెయ్యి చాచాడు. రాజన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. స్వామి కాషాయం ఎగ్గట్టి, మోకాలిలోతు బురదలోకి తానే దిగాడు.