కోరా పోగు

మా ముత్తాత సిరిసిల్ల చుట్టుపక్కల మగ్గాలకు రంగు నూలు ఇచ్చిన షావుకారు. కుల పంచాయితీలో ఆయన కూర్చున్నాకే తక్కినవారు కూర్చునేవారు. మా తాత సూరత్ వచ్చి అద్దకం కార్ఖానా పెట్టాడు. మన దిక్కు నేతగాళ్లు ఆయనను రంగుల సేటు అనేవారు. కార్ఖానా మా నాన్న కాలంలో పోయింది. నేను సూరత్‌లోనే, అడాజన్ పేటలో ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. అక్కడ నన్ను సేటు అని పిలిస్తే అది వెక్కిరింపుకే.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా గాజు పలకల మీద రంగులు వేసే ఆ ల్యాబ్‌లో రంగు తెలిసినవాడు ఒక్కడూ లేడు. సీసా మీది చీటీ చదవడం వస్తే చాలనుకుంటారు. టైరోసినేజ్ యాంటీబాడీ వచ్చినప్పుడు చూడాలి వాళ్ల సంబరం. చిటికెన వేలంత సీసా, అడుగున నాలుగు చుక్కల ద్రవం. మన ఒంట్లో నల్లరంగు తయారు చేసే ఎంజైమును వెతికి పట్టుకోవడం దాని పని. అది అతుక్కున్న చోట గోధుమరంగు వచ్చేలా మరో మందు వేస్తారు. చర్మం లోతున, ఉండకూడని చోట ఆ రంగు కనిపిస్తే క్యాన్సరని అనుమానం. సీసాను ఫ్రిజ్‌లో దేవుడి పటంలా నిలబెట్టారు. వాడడం మాత్రం ఎవరూ సరిగా నేర్చుకోలేదు.

మన నేతగాళ్లుండే గోడాదరా పేటలో మగ్గం నడిపే ఒకతని మడమ మీది నల్లమచ్చ ముక్క వచ్చింది. అతనూ భార్యా రిపోర్టు కోసం బల్ల ముందు నిలబడ్డారు.

"కాలు తీయాల్సి వస్తదేమో అన్నరు సారూ," అన్నాడతను. "ఒంటికాలు మీద మగ్గమెట్ల నడుపుత?"

"జర మంచిగ చూడుండ్రి," అంది ఆమె. నా మాట యాస పట్టుకుని, కోటు మీది ఇంటిపేరు చూసి, "మీరు రంగుల సేటు మనుమడు గదా?" అని అడిగింది.

నేను వాళ్ల చీటీ తీసుకుని లోపలికి వెళ్లాను. బల్ల ముందు నిలబెట్టి వంశం అడగడం నాకు నచ్చదు.

లోపల డాక్టరు అప్పటికే పలక చూసేశాడు. లోతున గోధుమరంగు ముద్దలు. పాజిటివ్ అని రాయబోతున్నాడు. కోరా పలక ఏదని అడిగాను. అంటే అదే ముక్క, యాంటీబాడీ వేయనిది.

నా తోటి టెక్నీషియన్, సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆమె, నవ్వింది. "సేటుగారికి మళ్లీ నూలు గుర్తొచ్చింది. రంగు సాఫ్ కనిపిస్తుంటే కోరాది ఎందుకు? టైం వేస్ట్."

"క్యా ఫరక్ పడ్తా హై?" తేడా ఏముందన్నట్టు అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండానే.

మా ఇంట్లో రంగు వేసిన నూలు చుట్టను, అంటే చిలపను, విడిగా చూడడం నిషేధం. పెట్టెలో దాచిన ప్రతి నమూనా చిలపకూ రంగెక్కని కోరా పోగు ఒకటి కట్టి ఉండేది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే రంగు బాగుందనో లేదనో మా తాత అనేవాడు. నూలుకు ముందే మట్టిరంగు ఉంటే, అది తన అద్దకం గొప్ప అనుకునేవాడు మూర్ఖుడని ఆయన మాట. ఇంత చదివిన డాక్టరుకు అదే తెలియదు. చర్మంలోని నల్లరంగు పొడి కూడా సూక్ష్మదర్శినిలో గోధుమగానే ఉంటుంది.

ఎవరి అనుమతీ అడగలేదు. రెండు ముక్కలు కోసి, ఒకదానికి యాంటీబాడీ వేయలేదు. రెండో దానికి వేసి, గోధుమ మందుకు బదులు ఎర్రరంగు ఇచ్చే మందు వాడాను. కోరా పలక మీదా అవే గోధుమ ముద్దలు. రెండో దాని మీద ఎరుపు పైపొరలో, ఉండాల్సిన చోటనే, సన్నగా పాకింది. లోతున ఉన్న ముద్దల్లో ఎరుపు చుక్క లేదు. అవి రంగు తయారు చేసే కణాలు కావు. పాత దెబ్బ దగ్గర రాలిన రంగును మింగి కూర్చున్న కణాలు.

పలకలు రెండూ డాక్టరు ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఇంకో రెండు పరీక్షలు చేయించాడు, అవీ అదే చెప్పాయి. క్యాన్సర్ లేదని రిపోర్టు రాసి, కింద తన సంతకం పెట్టుకున్నాడు. నా తోటి టెక్నీషియన్ ఆ రోజంతా నన్ను సేటు అనలేదు.

కొన్ని వారాలకు ఆ మగ్గం అతను రెండు కాళ్ల మీదా నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. నేను తీసుకోలేదు.

"లోపలున్నామె చెప్పింది, కోరా పోగు కట్టి చూసిండ్రంట గదా సేటూ," అన్నాడు. అతని గొంతులో వెక్కిరింపు లేదు. "మా తాత మీ కార్ఖానల చిలపలు ఆరేస్తుండె. నమూనాల పెట్టె గురించి ఎప్పుడూ చెప్తుండె. ఒక్కపారి చూస్త, చూపిస్తరా?"

కార్ఖానా పోయినప్పుడే ఆ పెట్టెను టేకు బీరువాతో పాటు భేస్తాన్‌లో పాత సామాన్లు కొనేవాడికి అమ్మేశాం.