దుర్గవ్వ చెప్పిన పేరు

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఒక మొక్క ఉంది, దాని పేరు మాత్రం నేను రాయను. తెలియక కాదు. మా పెద్దమ్మ దుర్గవ్వ బతికున్నన్నాళ్లూ ఆ పేరు బయట పెట్టలేదు, నేనెందుకు కాగితం మీద పెట్టాలి? మామిడి కొమ్మను వేళ్లతో కావలించుకుని, మన్ను ముట్టకుండా, గాలికీ వానకీ బతికే మొక్క అది. పచ్చటి రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు నాలుక. ఎముక విరిగితే దాన్ని నూరి కట్టు కడతారు. ఇంతకంటే కావాలంటే శంషాబాద్ చుట్టుపక్కల ముసలివాళ్లను అడిగి చూడండి. వాళ్లూ చెప్పరు.

దుర్గవ్వ కాపురం గగన్‌పహాడ్ గుట్టల వెనకాల ఊళ్లో. ఆమె భర్త తాళ్లెక్కే, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసే, గౌండ్లాయన. సన్నటి మనిషి, మాట తక్కువ, కల్లు మాత్రం తీపి అని ఊరంతా ఒప్పుకునేది. ఆయన పేరు బాలమల్లు. ఊళ్లో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా ఆ పేరుతో పిలిచేవాళ్లే, ఒక్క దుర్గవ్వ తప్ప. భర్తను భార్య పేరుతో పిలిస్తే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆ కాలపు నమ్మకం. ఒకసారి ఆబ్కారీ జవాను చెట్ల పన్ను కోసం వచ్చి ఇంటాయన పేరు అడిగితే, పెద్దమ్మ పక్కింటి పోచమ్మను పిలుచుకొచ్చి ఆమెతో చెప్పించిందట.

"నీకు నోరు లేదా?" అన్నాడట జవాను.

"నోరున్నది. గా పేరుకే లేదు" అందట పెద్దమ్మ.

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం, అంటే పంతొమ్మిది వందల నలభై ఆరులో, మా ఊరికి ఒక తెల్లాయన వచ్చాడు. ఇంగ్లీషువాడు కాదు. హంగేరీ అనే దేశంవాడు, పేరు కెరెకెష్. యుద్ధం నడిచినన్నాళ్లూ శత్రుదేశపు మనిషివని ఇంగ్లీషువాళ్లు క్యాంపులో పెట్టి, అయిపోయాక పొమ్మన్నారు. పోవడానికి ఇల్లు మిగల్లేదట. ఆయన విద్య అడవి మొక్కలకు పేర్లు పెట్టడం. అందులోనూ చెట్ల మీద బతికే పూలమొక్కలంటే ప్రాణం. పువ్వు పెదవి ఎట్లా ఉంది, వేరు ఎట్లా ఉంది, కాయ ఎట్లా పగులుతుంది అని అద్దం పెట్టి చూసి, ఏది ఏ కుటుంబానికి చెందుతుందో తేల్చేవాడు. ఊరి భూములన్నీ చేతిలో పెట్టుకున్న మా మక్తేదారు దశరథరావు ఆయనను ఎక్కడ పట్టాడో గానీ, తీసుకొచ్చి తన బంగళాలో దింపాడు. తెల్లవాడు ఇంటికొచ్చి ఉంటే మక్తేదారుకు ఎంత గొప్ప!

మక్తేదారు తోటలో ముదురు మామిడి చెట్లుండేవి. ఊళ్లో ఇంకెక్కడా లేని ఈ మొక్కలు వాటి మీద గుత్తులు గుత్తులుగా ఉండేవి. తెల్లాయన మొదటిది చూసి, ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని రకమేమో అన్నాడు. పెదవి కొంచెం వేరుగా ఉందట. నిజంగా కొత్తదే అయితే మీ పేరే పెడతాను అని మక్తేదారుకు మాటిచ్చాడు. అంతే! మక్తేదారుకు నేల మీద కాళ్లు నిలవలేదు. తోటలో ఉన్న మొక్కలన్నీ దింపించమని హుకుం. తెల్లాయన అడిగింది నాలుగైదు. దింపించింది మొత్తం.

దింపేదెవరు? "చెట్లెక్కేటోడు గా గౌండ్లోడు ఉన్నడు కద, వాన్ని పిలువుండ్రి" అన్నాడు మక్తేదారు. అది వెట్టి. వెట్టి అంటే తెలియని ఈ కాలం పిల్లలకు చెబుతున్నాను. కూలి ఉండదు, కాదనే హక్కు ఉండదు. తాటిగెలను రోజూ చెక్కకపోతే కల్లు ఎండిపోతుంది. ఎండాకాలమే గౌండ్లవాళ్లకు నాలుగు గింజలు దొరికే కాలం. ఆ కాలంలో బాలమల్లు తన చెట్లు వదిలేసి దొరగారి మామిడి చెట్లెక్కాడు. ఆయన తాళ్లు ఒక్కొక్కటే ఎండిపోతూ వచ్చాయి. ఎవరికి పట్టింది?

ఇంకో మాట. తాడెక్కడం వేరు, మామిడెక్కడం వేరు. తాటిచెట్టుకు కొమ్మలుండవు. గౌండ్లాయన చెట్టునూ తన నడుమునూ చుట్టి మోకు వేసుకుంటాడు. పైకి పోయాక రెండు చేతులకూ పని పడితే, మోకు మీదికి వెనక్కి వాలి, హాయిగా గెల చెక్కుతాడు. మామిడి దగ్గర మోకు పనికిరాదు. నాలుగడుగులు పోగానే కొమ్మ అడ్డం వస్తుంది. బాలమల్లు ఉత్త చేతులతోనే ఎక్కాడు. చెట్టెక్కేవానికి ఏ చెట్టయితేనేం అనుకునేవాళ్లకు ఇదేం తెలుసు?

మిరుగం ముందర, అంటే తొలకరి వానలు ఇంకా పడకముందు, తోటలో చివరి చెట్టు. చిటారు కొమ్మకు పెద్ద గుత్తి ఉంది. వేళ్లు తెగొద్దని హుకుం. ఒక చేత్తో బెరడు పట్టి, ఇంకో చేత్తో వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీయాలి. రెండు చేతులకూ పని పడింది. రెండు చేతులకూ పని పడగానే ఆయన ఒళ్లు, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ, వెనక్కి వాలింది. వెనక మోకు లేదు.

కింద పడ్డవాడి మోకాలి కింది ఎముక విరిగింది. గుత్తి మాత్రం చేతిలోనే ఉంది. మక్తేదారు వచ్చి చూసి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మొక్క నలిగిందా?" నాకు ఈ మాట పెద్దమ్మ చెప్పి యాభై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మంచం మీద మోసుకొచ్చి ఇంట్లో వేశారు. ఎముకలు సరిచేసే గోపయ్య వచ్చి కాలు తడిమి చూసి దుర్గవ్వతో అన్నాడు. "ఎముక కూడుతది బిడ్డా. గని గా మొక్క కావాలె, పచ్చిది, వేరుతోని సహ. పొద్దుగూకక ముందే కట్టాలె. కట్టు కుదరకపోతే కాలు వంకర పడతది, ఇగ తాడెక్కుడు లేదు. ఇంకోటి. తెచ్చేటోళ్లు దాని పేరు నోట అనొద్దు. అన్నవంటే అది ఉత్త గడ్డి."

ఊళ్లో అందరికీ తెలిసిన కట్టుబాటే అది. దుర్గవ్వ పరుగున మామిడి తోటకు పోయింది. ఏ చెట్టు చూసినా బోసిగా ఉంది. వేళ్లు ఊడిన చోట బెరడు మీద తెల్లటి చారలు తప్ప ఇంకేమీ లేదు. భర్త చేతులతోనే తోటంతా ఖాళీ చేయించారు, ఆ భర్త కాలికే ఒక్క వేరు మిగల్చలేదు. అక్కడ నిలబడి ఏడ్చిందా పెద్దమ్మా అని అడిగాను ఒకసారి. "ఏడ్వనీకె పుర్సతేడిది? బంగ్లకే పోయిన" అంది.

బంగళా వరండాలో తెల్లాయన కూర్చుని ఉన్నాడు. కాగితాల మధ్య మొక్కలు పరిచి, పైన రాళ్లు పెట్టి అణుస్తున్నాడు. పచ్చివి ఒక బుట్టలో, తడి గోనెపట్టా కింద ఉన్నాయి. పక్కన కుర్చీలో మక్తేదారు. ఇద్దరి మధ్య మాటలు అందించడానికి గుమాస్తా మల్లేశ్వర్, మా ఊరి పిల్లవాడే, పట్నంలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకొచ్చాడు.

"దొరా, గా బుట్టల నుంచి ఒక్క మొక్క ఇయ్యిండ్రి" అంది దుర్గవ్వ.

"ఏం జేస్తవే?" అన్నాడు మక్తేదారు.

"మా ఇంటాయన కాలుకు కట్టు కట్టాలె."

మల్లేశ్వర్ ఆ మాట చెప్పగానే తెల్లాయన కుర్చీలోంచి లేచాడు. ముఖం వెలిగిపోయింది. కాలు విరిగిందన్న బాధతో కాదు. ఊరివాళ్లకు ఈ మొక్క తెలుసు, దాన్ని వాడతారు, అయితే దీనికి ఇక్కడొక పేరుంటుంది! నెల నుంచి కనబడ్డవాళ్లందరినీ అడుగుతున్నాడు, ఒక్కరూ నోరు విప్పలేదు. గబగబా పెన్సిల్ తీశాడు.

"అక్కా, దాని పేరొక్కటి చెప్పు. బుట్టకు బుట్టే తీస్కపొమ్మంటుండు" అన్నాడు మల్లేశ్వర్.

"పేరుతోని ఏం పని? మొక్క ఈడున్నది, ఇరిగిన కాలు ఆడున్నది."

"ఏందే, నక్రాలా?" మక్తేదారు గొంతు లేచింది. "తెల్లదొర అడిగినంక చెప్పాలె. పేరు చెప్పేదాంక ఆకు గూడ దొరకదు, పో."

ఏం చేయాలి ఆవిడ? పేరు చెబితే మందు ఉత్త గడ్డి. చెప్పకపోతే మందే లేదు. మీకు ఇది మూఢనమ్మకం అనిపించవచ్చు. అనిపించనీయండి. కాలు మీది కాదు, ఆ కాలు మీద బతికే ఇల్లు మీది కాదు. అక్కడ పొద్దు వాలుతోంది, ఇక్కడ ముగ్గురు మగవాళ్లు ఒక మాట కోసం ఆమె నోటి వంక చూస్తున్నారు.

దుర్గవ్వ మల్లేశ్వర్‌ను అడిగింది. "పేరు ఎందుకంట?"

"కితాబుల రాస్తడక్కా. పైన ఆల్ల భాషల కొత్త పేరు, కింద మన ఊరోల్లు పిలిచే పేరు."

"కొత్త పేరు ఎవలిది?"

"మక్తేదార్ సాబ్ పేరే. ఆల్ల భాషల తోక తగిలిచ్చి."

"సాబ్ ఎక్కిండా చెట్టు?"

మల్లేశ్వర్ ఈ మాటను ఇంగ్లీషులో పెట్టలేదు. ఆమె ఏమంది అని తెల్లాయన అడిగితే నేల చూశాడు. మక్తేదారు కుర్చీలో కదిలాడు. అప్పుడు దుర్గవ్వ కొంగు నడుముకు బిగించి, వరండా మెట్టెక్కి, తెల్లాయన ముఖంలోకి చూస్తూ అంది.

"బాలమల్లు."

మల్లేశ్వర్ చటుక్కున తలెత్తి ఆమెను చూశాడు.

"రాస్కొమ్మను. ఊర్ల అందరు గట్లనే పిలుస్తరు. బాలమల్లు."

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నాలుక మీదికి రావడం అదే మొదలు. నోరంతా చేదైందట. అయినా మూడోసారి కూడా అంది, గట్టిగా.

మక్తేదారు తల ఊపాడు. ఆయనకు అనుమానం రాలేదు. ఎట్లా వస్తుంది? నెల రోజులు తన చెట్లెక్కినవాడు, తన తోటలో కాలు విరగ్గొట్టుకున్నవాడు ఆయనకు 'గౌండ్లోడు' మాత్రమే. వాడికొక పేరుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. మల్లేశ్వర్‌కు తెలుసు. వాడు అసలు సంగతి బయట పెట్టకుండా, ఒక్కొక్క అక్షరం తెల్లాయనకు విడమరిచి చెప్పాడు. తెల్లాయన రాసుకుని, నోటితో రెండుసార్లు అని చూసుకుని, ఎంతో మర్యాదగా ఆమెకు దండం పెట్టాడు.

మంచివాడే ఆయన. నాకు కోపం అందుకే. చెడ్డవాడైతే సరేలే అనుకుందును. పువ్వు పెదవి మీద గీతకు కూడా లెక్క చెప్పగల మనిషి, ఆ పువ్వు తన చేతికి ఎవరు అందించారో ఒక్కనాడూ అడగలేదు. క్యాంపులో తనను కూడా పేరు తీసేసి ఎన్నో నంబరని పిలిచి ఉంటారు. అయినా తట్టలేదు.

"బుట్ట అన్నడు కద" అని పెద్దమ్మ బుట్టే ఎత్తుకుని వచ్చింది. కట్టుకు కావలసినంత తీసి గోపయ్యకిచ్చి, మిగిలినవి మా వాడకట్టు చెట్లకు నారతో కట్టించింది. పొద్దుగూకక ముందే కట్టు పడింది. దసరా దాటాక బాలమల్లు లేచి నడిచాడు, కొంచెం కుంటుతూ. ముందు పొట్టి ఈతచెట్లెక్కాడు. పై ఏడాది తాళ్లెక్కాడు. మోకు వేసుకుని వెనక్కి వాలిన మొదటి రోజు కింద నిలబడి చూసినవాళ్లంతా ఊపిరి బిగబట్టారట.

ఆ తర్వాత రోజులు తిరగబడ్డాయి. జనం ఎదురు తిరుగుతున్నారని మక్తేదారు పట్నం పారిపోయాడు. మల్లేశ్వర్ జల్‌పల్లిలో బడిపంతులయ్యాడు. ఆయనే మాకు చెప్పాడు. ఆ మొక్క కొత్తదేం కాదట. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇంకెవరో దానికి పేరు పెట్టేశారట. వాళ్ల శాస్త్రంలో ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, కనుక మక్తేదారు పేరు కొట్టేశారు. కింద రాసిన బాలమల్లు పేరు జోలికి మాత్రం ఎవరూ పోలేదట. ఆ తోట ఉన్న చోట ఇప్పుడు విమానాలకు పోయే రోడ్డు ఉంది. ఆ మొక్క ఎక్కడా కనబడదు.

పెద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి మారిపోయింది. తాటిచెట్టు కింద నిలబడి, పైకి చూసి, ఊరంతా వినబడేటట్లు "ఓ బాలమల్లూ! పొద్దెక్కింది, దిగుతవా?" అని పిలిచేది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆబ్కారీ జవానుకు ఆమె బదులు పేరు చెప్పిన పోచమ్మే ఒకనాడు ఆపి అడిగింది.

"ఏందే దుర్గీ, సిగ్గులేదా? మొగని పేరు వెట్టి పిలుస్తె ఆయుష్షు తక్కువైతదని ఎరుక లేదా?"

"మక్తేదారు చెట్టెక్కిచ్చి కింద పడేస్తె తక్కువకాని ఆయుష్షు, నేను పిలిస్తె తక్కువైతదా?" అంది దుర్గవ్వ, మళ్లీ తలెత్తి పైకి పిలిచింది.