ఖజానా గుర్తు

చదువైపోయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో మనిషికుండే తీరిక, ధైర్యం తర్వాత ఎంత వెతికినా దొరకవు. నాకు ఆ రెండూ దండిగా ఉన్నప్పుడే, కడపలో సెల్‌ఫోన్ల అంగడి నడిపే మా బావ భూమిలో లోహాన్ని కనిపెట్టే మిషను ఒకటి కొన్నాడు. (అక్కకు అది గడ్డి కోసే మిషనని చెప్పాడు. వాళ్లుండేది మూడో అంతస్తులో.) నేను ఫోన్లో తెల్లదొరల కాలం నాటి సర్వే పటం సంపాదించి, ఇప్పటి పటం పక్కన పెట్టి చూశాను. బనగానపల్లె దగ్గర ఇప్పుడు మామిడి తోట ఉన్నచోట అప్పట్లో ఒక ఊరుంది. ఊరి చివర చిన్న సున్నా. "ఖజానా బామ్మర్దీ, ఇంగేముంటాది!" అన్నాడు బావ. గుర్తులకు అర్థాలు పటం అడుగున ఉంటాయని నాకు తెలుసు గానీ, ఖజానా అన్నాక అంత కిందికి ఎవరు చూస్తారు?

తోటలో మిషను ఊపుకుంటూ తిరుగుతుంటే, ఆ తోట గల అవ్వ టెంకాయ, తమలపాకులు పట్టుకుని పరుగున వచ్చింది. మా సీమలో నేల చూస్తూ పొలంలో నడిచేవాడు ఒక్కడే, బోరుకు పాయింటు చూసేవాడు.

"నీళ్లు యాడుండాయప్పా?"

"మేం నీళ్లు చూసేవోళ్లం కాదవ్వా."

"అట్లనొద్దు నాయనా. ఉన్న బోరు ఎండిపాయ. ఈసారి నీళ్లు పడకుంటే చెట్లు కొట్టేస్తానంటాండాడు మా కొడుకు. బిడ్డల మాదిరి సాకినా వాటిని."

అంతలో మిషను కుయ్‌మంది. తవ్వితే తుప్పుపట్టిన కపిల బాన బయటపడింది, ఎద్దులతో బావి నీళ్లు తోడే పాతకాలపు ఇనుప తొట్టి. గబగబా పటం అడుగు భాగం చూశాను. చిన్న సున్నా అంటే బావి! "ఈడ తవ్వియ్యవ్వా, పూడిపోయిన బావి ఉండాది" అని వేలు పెట్టి చూపించేశాను. "నీళ్లు పడకుంటే మనల్నే పూడుస్తారు రా" అని బావ గొణిగాడు.

మర్నాడు అవ్వ టెంకాయ కొట్టింది, కొడుకు జేసీబీ పెట్టించాడు. బావ బైకు స్టార్టు చేసుకుని దానిమీదే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి రాతికట్టు కనిపించింది, తర్వాత తడిమట్టి, ఆ తర్వాత, అబ్బ, నీళ్లు! అవ్వ ఆ బురద నీళ్లే దోసిట పట్టి మా నెత్తిన చల్లి ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు. బావ బైకు దిగి గెంతులేశాడు.

ఇప్పుడు నేను ఆఫీసులో ప్రతి కాగితం రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టని జాగ్రత్తపరుణ్ణి. మట్టి కొట్టుకుపోయి, తెలిసీ తెలియకుండానే వేలు చూపించిన ఆ పిల్లోడు గుర్తొస్తే, ఎంత ధైర్యంరా నీకు అని నవ్వుకుంటాను. ఇప్పుడైతే చూపించేవాణ్ణి కాను. ఆ చెట్లు బతికేవీ కావు.