పరిసర దినం నాడు పోయిన దిబ్బలు

2005 జూన్ 5, ఆదివారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. సమాధుల తోట గేటు దగ్గర ఆటో దిగి కిరాయి తీయబోతూ వాచీ చూసుకున్నాను కాబట్టి గంట సరిగ్గా చెప్పగలను. కిరాయి అక్కర్లేదనీ, అన్ని ఆటోలకూ సెక్రెటరీగారే ఇచ్చేశారనీ డ్రైవరు అన్నాడు. ఆ సెక్రెటరీ చేసే మేలు ఎప్పుడూ అలాగే ఉండేది. ఎవరూ అడగకముందే చేసి, పక్కన నిలబడి ఫోటో తీయించుకునేవాడు.

ఆయన మా సంఘంవాడే. తాతల కాలం నుంచీ ఈ కన్నడ ఊళ్ళో, బ్రూస్‌పేటలో ఉన్న తెలుగు మిషన్ సంఘం మాది. మిషన్ బడిలో నాలుగో తరగతి నా దగ్గరే చదివాడు. పన్నెండో ఎక్కం దాటి రాలేదు. ఇనుపరాయి ధర ఎక్కడికో పోయిన ఆ రోజుల్లో అప్పు చేసి ఒక టిప్పర్ కొన్నాడు. రెండేళ్ళలో అవి పద్నాలుగయ్యాయి. హొసపేట రోడ్డులో రాయి నిలవచేసే ప్లాటు వచ్చింది, పాలరాతి ఇల్లు వచ్చింది, చర్చిలో ముందు బెంచీ వచ్చింది, దాని వెనకే కమిటీ సెక్రెటరీ పదవి వచ్చింది.

ఆ కాలంలో డబ్బు చూసినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టింది. ఈయనకు పట్టింది దినాల పిచ్చి. మార్చిలో భద్రతా దినం, మహిళా దినం, నీళ్ళ దినం. మే నెలాఖరున పొగాకు వద్దనే దినం. అక్టోబరు ఒకటిన వృద్ధుల దినం, డిసెంబరు ఒకటిన ఎయిడ్స్ దినం. క్యాలెండర్‌లో ఏది కనిపిస్తే దానికొక షామియానా, కన్నడంలో ఒక బ్యానర్, ఇద్దరు విలేకరులు, వడ పొట్లాలు. భద్రతా దినం నాడు హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు పాట పాడుతుంటే, వెనక రోడ్డు మీద ఆయన టిప్పర్లే పైన ఏమీ కప్పకుండా రాళ్ళు రాల్చుకుంటూ పోయేవి. ఎవరూ నవ్వలేదు. వడలు బాగుండేవి.

జూన్ 5 పరిసర దినం. తెలుగులో పర్యావరణం అంటారు గానీ, కన్నడం మధ్య బతికేవాళ్ళం కాబట్టి మేమూ పరిసర దినమనే అంటాం. ఆ ఏడు అది ఆదివారం పడింది. ఆరాధన అయ్యాక సంఘమంతా సమాధుల తోటకు వచ్చి మొక్కలు నాటాలని ప్రకటన చదివారు. ఎక్కడ నాటుతారో చదవలేదు.

మా సమాధుల తోట రెండు పక్కలుగా ఉంటుంది. కొత్త పక్కన సిమెంటు సమాధులు, వాటి మీద పేర్లు, వాక్యాలు. నా భర్తది అక్కడే. పాత పక్కన అన్నీ మట్టి దిబ్బలు. రాయి పెట్టించే స్తోమత లేని కాలంలో పోయినవాళ్ళవి. ఈస్టరుకు ముందు శనివారం వాటికి మట్టి ఎత్తి, అలికి, సున్నం కొడతాం. తెల్లవారుజామున అక్కడే పాటలు పాడి ఆరాధన చేస్తాం. ఆ ఏడు మార్చి 27న ఈస్టరు. బకెట్లలో సున్నం కలిపింది నేనే. ముప్పై ఒక్క దిబ్బలు. వాటిలో ఒకటి నా రెండో బిడ్డది. పద్నాలుగు నెలలు బతికింది. 1968లో పోయింది.

ఈస్టరు దాటిందంటే ఆ దిబ్బల ముఖం ఎవరూ చూడరు. మే నెల గాలివానలకు సున్నం కరుగుతుంది, మట్టి జారుతుంది, కంప మొలుస్తుంది, మీద ఎర్ర దుమ్ము కూర్చుంటుంది. జూన్ నాటికి తెలియనివాళ్ళు చూస్తే బీడే అనుకుంటారు. తెలియనివాళ్ళు అంటున్నాను. సెక్రెటరీ చిన్నప్పటి నుంచీ ఏటా ఈస్టరు పాట అక్కడే పాడాడు.

నేను గేటు దాటేసరికి పాత పక్క కళ్ళంలాగా చదునుగా ఉంది. దిబ్బ లేదు, కంప లేదు, నా బిడ్డ జాడకు నేను గుర్తు పెట్టుకున్న తుమ్మచెట్టు లేదు. వరసగా గుంతలు, గుంత పక్కన మొక్క. నేరుగా ఆయన దగ్గరకే పోయాను.

"ఈడ దిబ్బలుండె గదప్పా, యాడికి పోయినాయి?"

"యాడి దిబ్బలు టీచరమ్మా? అంతా ముళ్ళకంపే ఉండె. రెండు దినాలు జేసీబీ పెట్టి నీటుగా చేయించినా. సూడు ఎట్ల ఉండాదో!"

"కింద మనుషులుండారు."

"మనుషులు పరలోకంలో ఉండారు టీచరమ్మా. సండేస్కూల్లో నువ్వే గదా నేర్పించింది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో నా చేతిలో కానుగ మొక్క పెట్టారు, ఎవరో ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో ఆయన పక్కన మొక్క పట్టుకుని నేను. కింద 'హిరియ శిక్షకి' అని రాశారు, అంటే పెద్ద టీచరమ్మ అని. ఆ మొక్కను నేను నాటలేదు, గుంత పక్కనే పెట్టి వచ్చాను. పేపరు చూసినవాళ్ళకు అది తెలిసే దారి లేదు.

ఆ వారమే నేను నిశ్చయించుకున్నాను. ఆయనకు దినాలు కావాలి గదా, నేనిస్తాను అనుకున్నాను.

బ్రూస్‌పేటలో ఇల్లిల్లూ తిరిగాను. మీవాళ్ళెవరు పాత పక్కన ఉన్నారు, ఏ రోజున పోయారు అని అడిగాను. ఎవరి చావు తేదీ వాళ్ళింట్లో భద్రంగానే ఉంది. కొందరు ఏడ్చారు, కొందరు కాఫీ ఇచ్చారు. ఒక ముసలామె మాత్రం, "మాయత్త శనివారం పోయింది టీచరమ్మా. బతికినన్నాళ్ళు ఆదివారం గుడికి పోనీకుండా శనివారమే పనంతా నెత్తినేస్తాండె. పోయేది కూడా శనివారమే పోయి నా ఆదివారం చెడిపింది," అంది. ఆ తేదీ కూడా తీసుకున్నాను.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆ వారంలో పుట్టినరోజు, పెళ్ళిరోజు, జ్ఞాపక దినం ఉన్నవాళ్ళు ముందుకు వచ్చి కానుక వేసి, రెండు మాటలు సాక్ష్యం చెప్పవచ్చు. సాక్ష్యానికి లేచినవాళ్ళను కూర్చోమనడం మాలో లేదు. పాస్టరు అయ్యగారైనా సరే, ముగిసేదాకా కళ్ళు మూసుకుని వినాల్సిందే. ఆగస్టు 14న నేను లేచాను. నా బిడ్డ జ్ఞాపక దినం ఈ వారమే అన్నాను. దాని దిబ్బ సెక్రెటరీగారి కానుగ మొక్కల కింద ఉంది, ఏ మొక్క కిందో ఆయన చూపిస్తే ఒక పువ్వు పెట్టుకుంటాను అన్నాను. కానుక వేసి వచ్చి కూర్చున్నాను. తర్వాతి వారం ఒక తాపీమేస్త్రీ తల్లి దినం. ఆ పై వారం ఇంకొకరు. కుటుంబాలవాళ్ళు లేవడానికి జంకితే వాళ్ళ పేరున నేనే లేచేదాన్ని. మాట మారేది కాదు. ఏ మొక్క కిందో చూపించండి, అంతే. ఆయన ముందు బెంచీలో నాకు మూడు అడుగుల దూరంలో ఉండేవాడు.

ఒకరోజు అయ్యగారు ఇంటికి వచ్చారు.

"ప్రతి ఆదివారం ఇదేనా టీచరమ్మా? కానుకల టైములో బాగుండదమ్మా."

"పుట్టినరోజని కేకు పంచితే బాగుండాది, సచ్చినరోజని చెప్తే బాగుండదా అయ్యగారూ?"

"క్షమించమన్నాడు గదమ్మా ప్రభువు."

"అడిగినోళ్ళను గదా? ఆయప్పను అడగమనండి."

ఆయన టీ తాగకుండానే లేచారు. ఆయన భార్య, అమ్మగారు, అంతకుముందు గురువారం గురువారం మా ఇంటికి ప్రార్థనకు వచ్చేది. మానేసింది. ఆ సంగతి కూడా లెక్కలో ఉంచుకున్నాను.

అక్టోబరు ఒకటిన వృద్ధుల దినం. నన్ను పిలవకపోతే లోకం ఏమంటుందోనని సెక్రెటరీ పిలిచాడు. నేను పోకపోతే ఆయనకు మేలు కాబట్టి పోయాను. శాలువా కప్పాడు, పళ్ళబుట్ట చేతికిచ్చాడు, విలేకరుల కోసం మైకు కూడా ఇచ్చాడు. "నాకంటే పెద్దోళ్ళు పాత పక్కన ఉండారు. నాకు శాలువా కప్పిన ఈ చెయ్యే వాళ్ళ మీద జేసీబీ తోలింది," అన్నాను. ఇంకో మాట అనేలోపే మైకు లాక్కుని, "పెద్దామెకు ఎండ తగిలినట్లుండాది, జల్దీ నీళ్ళియ్యండప్పా," అన్నాడు. నీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయి. శాలువా అక్కడే కుర్చీకి వేసి వచ్చాను.

ఆ తర్వాతే ఆయన తండ్రి నాకు కబురు పెట్టాడు. పత్తి జిన్నింగు మిల్లులో మూటలు మోసి పిల్లలను పెంచిన మనిషి. కొడుకు కట్టిన పాలరాతి ఇంట్లో, వరండాలో నులకమంచం వేయించుకుని ఉండేవాడు, మోకాళ్ళు పోయాక చర్చికి కూడా రాలేకపోయేవాడు. కొడుకు ప్లాటుకు పోయిన పొద్దు చూసి వెళ్ళాను.

"తేదీలు అడుగుతాండావంట గదా. నాకూ ఒకడుండాడు టీచరమ్మా ఆడ. ఈనికి ముందు పుట్టినోడు. ఆరేండ్లు. నవంబరు పదారు."

"మీ వానికి తెలుసా?"

"చెప్పలే. వాళ్ళమ్మ ఏడుస్తాదని ఇంట్లో ఆ పేరే ఎత్తలే. నేనొక్కన్నే సైకిలు మీద పోయి సున్నం కొట్టి వస్తాంటి. మోకాళ్ళు పోయినాక ఈస్టరుకు సున్నం కొట్టే పిల్లోళ్ళకు చెప్పి కొట్టిస్తాంటి. బాగుండాదా దిబ్బ?"

ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చెప్పాను. ఎవరు చేయించారో కూడా చెప్పాను. ముసలాయన మంచం నులక గిల్లాడు. "వాడు చిన్నోడు, వానికి తెలీదు," అన్నాడు. చిన్నోడికి అప్పటికి నలభై ఏడేళ్ళు.

నవంబరు 13 ఆదివారం చర్చిలో పిల్లల దినం చేశాడు. బెలూన్లు, పిల్లపిల్లకూ ఒక టిఫిన్ డబ్బా. కానుకల వేళ లేచాను. "ఈ వారం పదహారో తేదీ ఒక ఆరేళ్ళ పిల్లవాడి జ్ఞాపక దినం. అతడు కూడా మొక్కల కిందే ఉన్నాడు. సెక్రెటరీగారికి స్వంత అన్న," అన్నాను.

ఆయన తల తిప్పి, ఆ రోజు ఆటోలో వచ్చి గోడవార బెంచీలో కూర్చున్న తండ్రిని చూశాడు. అబద్ధమని అనిపించుకుందామని చూశాడు. తండ్రి అవునన్నట్లు తల ఊపాడు. ఆ రోజు టిఫిన్ డబ్బాలు వేరేవాళ్ళు పంచారు. ఆయన వెనక తలుపు గుండా పోయాడు. మళ్ళీ ముందు బెంచీలో కూర్చోలేదు. ఆ ఖాళీ చూసుకుంటూ డిసెంబరంతా పాడాను. గొంతు బాగా పలికింది.

2006 మార్చి 21, మంగళవారం తెల్లవారుజామున ముసలాయన పోయాడు. మర్నాటి నీళ్ళ దినానికి బ్యానర్ అప్పటికే సర్కిల్లో కట్టి ఉంది. ఎనిమిది గంటలకు కొడుకు మా ఇంటికి వచ్చాడు. కారు లేదు, వెంట మనుషులు లేరు. గడప బయటే నిలబడ్డాడు. నేను లోపలికి పిలవలేదు.

"నాయన ఒకటే మాట మీదుండె టీచరమ్మా. పెద్దోని పక్కన పెట్టమన్నాడు."

"పెట్టు."

"యాడ పెట్టేది? గుంత తవ్వేటోళ్ళు ఆడ నిలబడుకోనుండారు, గడ్డపార యాడెయ్యల్లని. నీకు అందరి లెక్కలు తెలుసు గదా. చోటు చెప్పు."

"నాకు తెలిసింది తేదీలు. చోటుకు దిబ్బే గుర్తు. నా బిడ్డదే నాకు దొరకలే."

"అందాజుగానైనా..."

"అందాజుగా తవ్వితే ఎవురో ఒకరి మీద పడతాది. నా బిడ్డ మీద పడితే నేనూరుకోను. నీ జేసీబీ డ్రైవర్నడుగు."

"వాడు ఒరిస్సాకు పోయినాడు," అన్నాడు. నిజంగానే అడిగి చూశాడన్నమాట. గోడకు చెయ్యి ఆనించాడు.

"నాకు తెలీక చేసినా టీచరమ్మా."

"ప్రతి ఈస్టరుకు నా ముందరే పాడినావు."

ఆయన చెప్పులేసుకుంటూ, ముఖం ఇటు తిప్పకుండానే, "ఇప్పుడు నీకు తృప్తిగా ఉండాదా?" అన్నాడు.

"ఉండాది," అన్నాను.

తండ్రిని కొత్త పక్కన, భార్య సమాధి పక్కన పెట్టారు. నేనూ పోయి పిడికెడు మట్టి వేశాను. ముసలాయన మీద నాకు కోపం లేదు. ఆరాధన జరుగుతున్నంతసేపూ కొడుకు పాత పక్కకే చూస్తూ ఉన్నాడు. అక్కడ కొన్ని కానుగ మొక్కలు నీళ్ళు లేక ఎండి నిలబడి ఉన్నాయి, కొన్ని బతికాయి. ఏప్రిల్‌లో కమిటీకి రాజీనామా ఇచ్చాడు. ఆ తర్వాత మా సంఘంలో ఏ దినమూ జరగలేదు. గనులు ఆగిపోయాక టిప్పర్లు ప్లాటులోనే తుప్పు పట్టాయని విన్నాను. చూడాలని రెండుసార్లు ఆటో మాట్లాడుకుని పోయి మరీ చూసి వచ్చాను.

క్షమించావా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. లేదు.

లెక్క ఇది. పాత పక్కన చదునైన దిబ్బలు ముప్పై ఒకటి. తేదీ దొరికినవి ఇరవై ఆరు. మిగిలిన ఐదింటి కుటుంబాలు ఊరు వదిలి పోయాయి. చోటు దొరికింది ఒక్కటి కూడా లేదు. తండ్రికి పెద్ద కొడుకు పక్కన దక్కవలసిన జాగా ఒకటి పోయింది. నా ఇంట్లో గురువారం ప్రార్థన పోయింది. మూడడుగుల దిబ్బ, నా బిడ్డది, పోయింది.